కిటికీలో కూర్చున్న కుర్రవాడు



అపోస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఒక చిన్న సంఘటన ఉంది. మన గుడులలో దానిమీద ప్రసంగం చాలా అరుదుగా వినిపిస్తుంది. వినిపించినా, ప్రసంగం సాగదీసే నావంటి గురువులను ఆటపట్టించడానికే దాన్ని ఎక్కువగా వాడుతుంటారు. ఈ వారం ఆ సంఘటనను మనమందరం కాస్త నిదానంగా ధ్యానించుకుందాం.

అది త్రోయ పట్టణం. వారంలో మొదటి దినం, అనగా ఆదివారం. రొట్టె విరవడానికి విశ్వాసులు మేడమీది గదిలో కూడుకున్నారు. పౌలుగారు మరునాడు ప్రయాణమై వెళ్ళవలసి ఉంది. అందుచేత అర్ధరాత్రి దాకా బోధిస్తూనే ఉన్నారు. ఆ గదిలో చాలా దీపాలు వెలుగుతున్నాయని లూకాగారు ప్రత్యేకించి రాశారు. ఐతుకు అనే కుర్రవాడు కిటికీలో కూర్చుని వింటున్నాడు. నిద్ర ముంచుకొచ్చింది. మూడవ అంతస్తు నుండి కిందపడ్డాడు. జనం ఎత్తి చూస్తే చనిపోయి ఉన్నాడు. అప్పుడు పౌలుగారు కిందికి దిగి వెళ్ళారు. అతనిమీద పడి కౌగిలించుకున్నారు. కంగారు పడవద్దనీ, ఇతనిలో ప్రాణం ఉందనీ జనానికి చెప్పారు. తిరిగి పైకి వచ్చి, రొట్టె విరిచి, తెల్లవారే దాకా బోధన కొనసాగించారు. బతికిన ఆ పిల్లవాణ్ణి తీసుకొని వెళ్ళిన వారికి ఎంతో ఊరట కలిగింది.

ఆ కుర్రవాడు ఎందుకు నిద్రపోయాడు? భక్తి లేకనా? భక్తి లేనివాడు అర్ధరాత్రి దాకా అక్కడ ఎందుకుంటాడు? ఆ రోజుల్లో ఆదివారం సెలవు దినం కాదని మనం మరచిపోతాం. రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించింది 321వ సంవత్సరంలో. ఐతుకు కిందపడింది అంతకు రెండున్నర శతాబ్దాలకు పైగా ముందు. అంటే ఆ మేడగదిలో చేరినవారిలో అనేకులు పగలంతా పనిచేసి, పొద్దుగూకాక వచ్చినవారే అయ్యుండాలి. ఆ కుర్రవాణ్ణి గూర్చి చివర లూకాగారు వాడిన గ్రీకు మాటకు పిల్లవాడు అనీ, పనివాడు అనీ రెండు అర్థాలున్నాయి. ఐతుకు ఎక్కడైనా పనికి కుదిరిన కుర్రవాడో కాదో లేఖనం చెప్పలేదు. కానీ పగలు పనిచేసి రాత్రి పాఠం వినడానికి వచ్చి కునికిపాట్లు పడే కుర్రవాళ్ళను నేను ప్రతిరోజూ చూస్తున్నాను గనుక, ఈ భాగం చదివినప్పుడల్లా ఐతుకు నాకు మన వీధిలోని కుర్రవాడిలాగే కనిపిస్తాడు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు చదువుకు పేరుపడినవి. నిజాం కాలంలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పాలని 1928లో మొదలుపెట్టిన బడి మాడపాటి హనుమంతరావుగారి పేరుతో నారాయణగూడలో ఉంది. అంతకంటే ముందే, 1910లో, భాగ్యరెడ్డి వర్మగారు ఈసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల, అంటరానివారని సమాజం వెలివేసిన కుటుంబాల పిల్లలకు బడులు తెరిచారు. నేడు అశోక్‌నగర్ సందుల్లో ఎటు చూసినా పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్సు షాపులు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చునే చోటు కోసం ఉదయాన్నే వచ్చే యువతీ యువకులను చూస్తే మనసు నిండుతుంది. పల్లెల్లో తల్లిదండ్రులు అప్పు చేసి పంపితే వచ్చిన బిడ్డలు వీరు. దేవుడు వారి కష్టం ఫలింపజేయుగాక.

అయితే వారికి టీ అందించే కుర్రవాడున్నాడు. మెస్సులో ప్లేట్లు తీసే కుర్రవాడున్నాడు. హాస్టలు గదులు ఊడ్చే అమ్మాయి ఉంది. గ్రూప్ వన్ పుస్తకాల పక్కన టీ గ్లాసు పెట్టి వెళ్ళే ఆ పిల్లవాడికి పదో తరగతి మెమో లేదు. ఇటువంటి వారికోసమే మన విచారణ హాలులో రాత్రి ఏడున్నర నుండి తొమ్మిదిన్నర దాకా తరగతులు నడుపుతున్నాం. ఏ మతం వారైనా రావచ్చు. ఫీజు లేదు. సార్వత్రిక విద్యాపీఠం వారి పదో తరగతి పరీక్షకు తయారుచేస్తాం. 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన ఈ ఓపెన్ స్కూలు విధానంలో ఒక మేలుంది. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి ప్యాసు కావలసిన పని లేదు. ఈసారి మూడు, వచ్చేసారి రెండు అని ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోవచ్చు.

అంత సౌకర్యం ఉన్నా పిల్లలు నిలవడం లేదు. జూన్‌లో బెంచీలు చాలక చాపలు పరుస్తాం. దసరా వెళ్ళేసరికి చాపలు చుట్టేస్తాం. క్రిస్మసు నాటికి బెంచీలు కూడా ఖాళీ అవుతాయి. మన రాత్రి బడి గురించి అడిగిన వారందరికీ ఇన్నాళ్ళూ నేను ఒకే జవాబు చెబుతూ వచ్చాను. పిల్లలకు శ్రద్ధ లేదన్నాను. సెల్‌ఫోను పాడుచేస్తోందన్నాను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ళు అడుగు దూరంలో ఉంటే చదువు ఏమవుతుందన్నాను. నెల రోజులు రానివారి పేరుమీద హాజరు పట్టీలో ఎర్ర సిరాతో గీత కొట్టడం మా అలవాటు. ఆ గీత కొట్టేది నేనే.

కొంతకాలం క్రితం నవంబరు నెలలో ఒక సాయంత్రం మన విచారణ సలహా సంఘం సమావేశమైంది. గుడి పండుగ అలంకరణ గూర్చి, దీపాల ఖర్చు గూర్చి చర్చ. కింది హాలులో తరగతి జరుగుతోంది, మేము పై గదిలో ఉన్నాం. ఎనిమిదిన్నర అయింది. చర్చ తెగేలా లేదు. నేనే ఫోను తీసి, అశోక్‌నగర్‌లో మనకు తెలిసిన ఒక మెస్సుకు ఫోను చేసి పదిహేను టీలు పంపమన్నాను. పది నిమిషాల్లో ఫ్లాస్కు, కాగితం కప్పులు పట్టుకొని ఒక కుర్రవాడు మెట్లెక్కి వచ్చాడు. పదహారేళ్ళవాడు. జూన్‌లో మన తరగతిలో చేరి, ముందు బెంచీలో కూర్చుని, లెక్కల్లో అందరికంటే చురుకుగా ఉన్న పిల్లవాడు. సెప్టెంబరులో రావడం మానేశాడు. అతని పేరుమీద గీత కొట్టి అప్పటికి రెండు వారాలైంది.

"ఏం బాబూ, బడికి రావడం మానేశావేం?" అని అడిగాను. నా గొంతులో కాస్త కోపం కూడా ఉందనుకుంటాను.

ఆ పిల్లవాడు కప్పుల్లో టీ పోస్తూ తల ఎత్తకుండానే చెప్పాడు: "ఎట్ల రావాలె ఫాదర్? గీ టైంలనే గదా గిరాకి. ఇయ్యాల మీరే చాయ్ చెప్పిన్రు."

అతడు నన్ను దెప్పిపొడవలేదు. ఉన్నమాట చెప్పాడంతే. కప్పులు అందరికీ ఇచ్చి, ఫ్లాస్కు తీసుకొని దిగిపోయాడు. దిగుతూ కింద తరగతి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, బల్లమీద ఏం రాశారో చూసి వెళ్ళాడని తరువాత మా టీచరుగారు చెప్పారు. ఆ రాత్రి నేను టీ తాగలేకపోయాను.

ప్రియులారా, నేను మేజర్ సెమినరీలో తత్త్వశాస్త్రం చదువుకున్నాను. కారణాలెన్ని రకాలో, ఏ కారణం ఏ ఫలితానికి మూలమో అక్కడ నేర్పుతారు. అంత చదివినవాణ్ణి, ఒక పిల్లవాడు చదువు మానడానికి కారణం ఎక్కడెక్కడో వెతికాను. ఫోనులో వెతికాను, సినిమా హాలులో వెతికాను, ఆ పిల్లవాడి స్వభావంలో వెతికాను. నా చేతిలోనే ఉన్న కారణాన్ని చూడలేదు.

శ్రీసభ ఈ కారణానికి ఎప్పుడో పేరు పెట్టింది. పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1981 సెప్టెంబరులో మానవ శ్రమను గూర్చి వెలువరించిన విశ్వలేఖలో ఇద్దరు యజమానులను గూర్చి చెప్పారు. పనివాడిని నేరుగా పెట్టుకొని జీతమిచ్చేవాడు ప్రత్యక్ష యజమాని. నేరుగా పెట్టుకోకపోయినా, ఆ పని ఏ షరతులమీద నడవాలో తమ నిర్ణయాల ద్వారా, నియమాల ద్వారా, వ్యవస్థల ద్వారా నిర్ణయించేవారు పరోక్ష యజమానులు. ఆయన ముఖ్యంగా ప్రభుత్వాలను, పెద్ద సంస్థలను దృష్టిలో పెట్టుకొని చెప్పారు. కానీ ఆ మాట ఎనిమిదిన్నరకు టీ చెప్పిన విచారణ గురువుకు కూడా వర్తిస్తుందని నాకు ఆ రాత్రి తెలిసింది. మెస్సు యజమాని ఆ పిల్లవాడి ప్రత్యక్ష యజమాని. నేను, నా సంఘ సభ్యులు, ఎనిమిది గంటలకు భోజనానికి వచ్చే హాస్టలు విద్యార్థులు, తొమ్మిదింటికి పార్శిలు కావాలనే కుటుంబాలు, మేమంతా అతని పరోక్ష యజమానులం. అతని సాయంత్రం మా చేతిలో ఉంది.

13వ లియో పోపుగారు 1891లోనే శ్రామికులను గూర్చిన తమ విశ్వలేఖలో, శరీరమూ మనసూ ఎదగకముందే పిల్లలను పనిశాలల్లో పెట్టవద్దని హెచ్చరించారు. 2025 మే నెలలో ఎన్నికైన పోపుగారు 14వ లియో అన్న పేరు పెట్టుకోవడానికి కారణం చెబుతూ ఆ విశ్వలేఖనే గుర్తుచేశారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ, విద్య ప్రతి మనిషికీ ఎవరూ తీసివేయలేని హక్కు అని ప్రకటించింది. ఇవన్నీ మనం క్లాసుల్లో చెబుతాం, సదస్సుల్లో చదువుతాం. వాటిని అశోక్‌నగర్ మెస్సు దాకా తీసుకుపోవడమే మిగిలింది.

ఇది ధర్మోపదేశం మాత్రమే అనుకోవద్దు, చట్టం కూడా ఇదే చెబుతోంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ళు నిండని పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడడం వంటి ఒకటి రెండు మినహాయింపులే ఉన్నాయి. 14 నిండి 18 నిండనివారిని ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవచ్చు గాని, రాత్రి 7 గంటల నుండి ఉదయం 8 గంటల దాకా వారిచేత పనిచేయించకూడదు. రాత్రి ఏడు గంటలు! మన తరగతి మొదలయ్యేది ఏడున్నరకు. అంటే చట్టం ఆ పిల్లవాడిని సరిగ్గా మన బడికి అందేలా విడిచిపెట్టమంటోంది. మధ్యలో ఆ సాయంత్రాన్ని కాజేసింది ఎవరు? మనమే గదా.

స్కూలు అనే మాట ఎక్కడ నుండి వచ్చిందో తెలుసా? గ్రీకులో స్ఖోలే అనే మాట నుండి. దానికి మొదటి అర్థం తీరిక. బతుకు కోసం చేసే పరుగు ఆగి, మనిషి తన మనసును తాను చూసుకునే సమయం అన్నమాట. ఆ తీరిక ఉన్నచోటే చదువు పుడుతుందని ప్రాచీనులు ఎరుగుదురు. తీరికే లేని పిల్లవాడికి మనం బెంచీ ఇచ్చాం, పుస్తకం ఇచ్చాం, మాస్టారును ఇచ్చాం. తీరిక మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకపోగా తీసుకున్నాం. పైగా శ్రద్ధ లేదన్నాం.

ఈ విషయంలో మనకు దారి చూపిన పునీతుడు ఉన్నాడు. పునీత జాన్ బోస్కోగారు 1841 డిసెంబరు 8న టూరిన్ నగరంలో బలిపూజకు సిద్ధమవుతుండగా, గుడి పనివాడు ఒక అనాథ కుర్రవాణ్ణి కర్రతో తరిమాడు. తాపీ పని చేసుకునే పదహారేళ్ళవాడు. బోస్కోగారు అతణ్ణి వెనక్కి పిలిపించి, చదవడం వచ్చా, రాయడం వచ్చా అని అడిగారు. ఏదీ రాదన్నాడు. చివరకు ఈల వేయడం వచ్చా అని అడిగేసరికి ఆ కుర్రవాడు నవ్వాడు. ఆ నవ్వుతో ఆయన ప్రేషితకార్యం మొదలైంది. కొద్దికాలానికే పనిపిల్లలకు సాయంత్రపు తరగతులు పెట్టారు. ఇదంతా మనలో చాలామందికి తెలిసిన కథే.

అంతగా తెలియనిది మరొకటి ఉంది. తరగతులు పెట్టి ఊరుకుంటే చాలదని బోస్కోగారు గ్రహించారు. పిల్లలు పనిచేసే చోట్లకు స్వయంగా వెళ్ళారు. యజమానులతో కూర్చుని మాట్లాడి ఒప్పందాలు రాయించారు. 1852 ఫిబ్రవరిలో ఒక వడ్రంగి యజమానితో చేసిన అటువంటి ఒప్పంద పత్రం నేటికీ భద్రంగా ఉంది. పిల్లవాడికి వడ్రంగం నేర్పాలి, ఇతర చాకిరీ చేయించకూడదు. తప్పు చేస్తే మాటతో దిద్దాలి, కొట్టకూడదు. పండుగ దినాలలో పని ఉండకూడదు. సంవత్సరానికి పదిహేను రోజులు సెలవు ఇవ్వాలి. ఒక గురువు, ఒక యజమాని, ఒక పనిపిల్లవాడు కలసి సంతకాలు చేసిన కాగితం అది. అది కూడా ప్రార్థన పుస్తకమంత పవిత్రమైనదని నా నమ్మకం.

మరునాడు సాయంత్రం నేను ఆ మెస్సుకు వెళ్ళాను. యజమాని చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి తన గోడు చెప్పాడు. "ఫాదర్‌గారూ, వాణ్ణి నేను చదువుకోవద్దన్నానా? నాకు సాయంత్రం ఏడు నుంచి పది దాకా అమ్మితేనే షాపు అద్దె వెళ్ళేది. హాస్టలు పిల్లలు ఎనిమిదింటికి వస్తారు. మీ సంఘాలవాళ్ళూ ఎనిమిదింటికే టీ అడుగుతారు. అప్పుడు వాణ్ణి పంపేస్తే ప్లేట్లు ఎవరు తియ్యాలండీ?"

ఆయన మాటలో న్యాయముంది. వాదించడానికి పోయినవాణ్ణి, నేర్చుకొని వచ్చాను. ఏడు గంటల చట్టం సంగతి చెప్పాను. ఆయనకు అది తెలియదు. నిజం చెప్పాలంటే, ఆ వారం వరకు నాకూ సరిగా తెలియదు. మన విచారణలో పెద్ద వయసువారు, రాత్రి మూడు గంటల పని దొరికితే చాలుననుకునే వారు ఉన్నారు. అటువంటి ఒక పెద్దమనిషిని ఏడు నుండి పది దాకా కుదిర్చాం. పిల్లవాడి జీతం తగ్గించబోనని యజమాని మాట ఇచ్చాడు. పది పంక్తుల కాగితం రాసుకొని ముగ్గురం సంతకాలు పెట్టాం. మా వంతుగా, మన విచారణ సమావేశాలకు ఎవరు టీ పట్టుకొస్తారో తెలుసుకోకుండా తెప్పించరాదని తీర్మానం చేసుకున్నాం. హాజరు పట్టీలో ఆ పిల్లవాడి పేరు మళ్ళీ రాశాను. మునుపటి ఎర్ర గీత అలాగే ఉంచాను. అది నాకు గుర్తుండాలి.

కథ సుఖాంతమైందని చెబితే అబద్ధమవుతుంది. రెండు నెలలకు పైగా పోయిన పాఠాలు ఎక్కడికి వస్తాయి? ఆ వేసవి పరీక్షలలో తెలుగు, సాంఘికశాస్త్రం దాటాడు, సైన్సు దాటాడు, ఎంతో ఇష్టమైన లెక్కలు పోయాయి. ఇంగ్లీషు రాయనే లేదు. మిగిలినవాటికి మళ్ళీ కూర్చున్నాడు. ఇప్పటికి లెక్కలు కూడా అయిపోయాయి. ఇంగ్లీషు ఒక్కటి మిగిలింది. కానీ వస్తున్నాడు. కునికిపాట్లు పడుతూ అయినా వస్తున్నాడు.

ఆ తరువాత మేము మానివేసిన పిల్లల ఇళ్ళకు, పనిచోట్లకు ఒక్కొక్కరి దగ్గరకు వెళ్ళాం. ఒక్కరు కూడా చదువు ఇష్టం లేదని చెప్పలేదు. కొందరికి మొదట ఎదురైనది ఆకలి. మధ్యాహ్నం రెండింటికి తిన్న పిల్లవాడు రాత్రి ఎనిమిదింటికి బీజగణితం వినగలడా? ముంబాయిలో 2008 నుండి రాత్రి బడులతో పనిచేస్తున్న మాసూమ్ అనే సంస్థ పిల్లల కడుపు సంగతి ముందు చూసింది. మేమూ ఇప్పుడు తరగతికి ముందు ఉడికించిన శనగలో, అటుకుల ఉప్మానో, రెండు అరటిపండ్లో పెడుతున్నాం. మన మరియదళం అక్కలు వంతులవారీగా ఈ పని చూస్తున్నారు. తిన్న పిల్లలు మేలుకొని ఉంటున్నారు.

ఆడపిల్లల సంగతి వేరు. అపార్టుమెంట్లలో పనిచేసే ఒక అమ్మాయి తల్లి నాతో చెప్పింది: "సదువు మంచిదే ఫాదర్. రాత్రి తొమ్మిదిన్నరకి ఆ సందుల నుంచి పిల్ల ఒక్కతే ఎట్ల వస్తది? ఏమన్నయితె ఎవలు జవాబు?" ఆ తల్లిని ఏమని సముదాయించను? ఆమె భయం నిజం. అందుకే ఆడపిల్లలకు సాయంత్రం అయిదున్నర నుండి ఏడున్నర దాకా వేరే తరగతి పెట్టాం. ఇంటికి చేర్చడానికి ఇద్దరు టీచర్లు వారితో నడుస్తున్నారు. అయితే అయిదున్నరకు రావాలంటే సాయంత్రపు అంట్లు ఎవరు తోమాలి? ఇక్కడ మళ్ళీ మనమే వస్తాం. ఆ అంట్లు మనవే గదా! మన విచారణలో కొన్ని కుటుంబాలు, సాయంత్రం పనికి రానక్కరలేదు, ఉదయం వచ్చి చేసిపో, జీతం అంతే ఇస్తాం అని చెప్పాయి. ఆ గృహిణులకు నా నమస్సులు. రాత్రంతా సింకులో ఉన్న ఆ ఎంగిలి ప్లేట్లు దేవుని దృష్టిలో పీఠం మీది పువ్వులకంటే తక్కువవి కావు.

డిసెంబరు నెలలో తరగతి ఖాళీ కావడానికి కారణం కూడా తెలిసింది. టైలర్ షాపుల్లో కాజాలు కుట్టే పిల్లలు ఆ నెలంతా రాత్రి పదకొండు దాకా కూర్చుంటున్నారు. ఎవరి బట్టలు కుడుతూ? మన క్రిస్మసు బట్టలు. పశులపాకలో పుట్టిన బాలయేసును చూడడానికి మనం కొత్త బట్టలతో వస్తాం. ఆ బట్టలకు కాజాలు కుట్టిన బిడ్డ పేరుమీద నేను ఎర్ర గీత కొడతాను. నవంబరు మొదటి వారంలోనే బట్టలు కుట్టడానికి ఇచ్చి, నిదానంగా ఇవ్వమని చెబితే ఒక పిల్లవాడి డిసెంబరు మిగులుతుంది. ఇందుకు పెద్ద త్యాగం అక్కరలేదు, కాస్త ముందుచూపు చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. మన నగరంలోనే, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా ఆచార్య శాంతా సిన్హాగారు 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వేలాది పిల్లలను పని నుండి విడిపించి పగటి బడికి పంపారు. 2003లో రామన్ మెగసెసె పురస్కారం పొందిన ఆమె ఉద్యమం గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. పగలంతా పనిచేయించి, రాత్రి చదువు చెబుతున్నామని తృప్తిపడితే మనం పిల్లల చాకిరీకి ఆమోదముద్ర వేసినట్లే. ఈ మాట నన్ను గుచ్చింది. గతంలో పన్నెండేళ్ళ పిల్లలను కూడా రాత్రి తరగతిలో కూర్చోబెట్టి, మంచిపని చేస్తున్నాననుకున్నాను. అది తప్పు. ఇప్పుడు 14 ఏళ్ళు నిండని బిడ్డ ఎవరు వచ్చినా రాత్రి బడిలో చేర్చుకోం. చేయి పట్టుకొని పగటి బడికి తీసుకుపోతాం. ఆ వయసు వరకు ఉచిత విద్య ఆ బిడ్డ హక్కు అని 2010 ఏప్రిల్ నుండి అమలులో ఉన్న చట్టం చెబుతోంది. ఆ హక్కు 14తో ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతుల గుమ్మం దగ్గర పేదబిడ్డ ఒంటరిగా నిలబడతాడు. రాత్రి బడి అవసరం అక్కడే ఉంది.

ఇప్పుడు మళ్ళీ త్రోయ పట్టణానికి పోదాం. ఐతుకు పడిపోయినప్పుడు పౌలుగారు ఏమి చేశారు? నిద్రపోయినందుకు తిట్టలేదు. కిటికీలో ఎవరు కూర్చోమన్నారని అడగలేదు. తన బోధ ముఖ్యమనీ, ఒక్కడికోసం ఇందరిని ఆపలేననీ అనలేదు. పాఠం ఆపారు. మెట్లు దిగారు. పడినవాడు పడినచోటికే వెళ్ళి కౌగిలించుకున్నారు. చచ్చిపోయాడని అందరూ చెబుతుండగా, ప్రాణం ఉందన్నారు. ఆ తరువాతనే పైకి వచ్చి రొట్టె విరిచారు.

ఆ వరుసను గమనించండి. దిగిపోవడం ముందు, బలిపీఠం తరువాత. మన దివ్యబలిపూజ నిజం కావాలంటే మెట్లు దిగడం నేర్చుకోవాలి. నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయిందని కాపరికి ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు గనుక తెలిసింది. హాజరు పట్టీ ఉన్నది గీతలు కొట్టడానికి కాదు, ఎవరు రాలేదో చూసి వెతకడానికి. అందుకని మన రాత్రి బడిలో ఒక నియమం పెట్టుకున్నాం. ఏ పిల్లవాడైనా మూడు రోజులు రాకపోతే, నాలుగో రోజు మాలో ఒకరు అతని పనిచోటికో ఇంటికో వెళ్ళాలి. తిట్టడానికి గాని, తీర్పు చెప్పడానికి గాని కాదు. ఏమి అడ్డు వచ్చిందో అడిగి, ఆ అడ్డు మనమేనేమో చూసుకోవడానికి. ఎర్ర సిరా కలం నా బల్లమీద నుండి తీసేశాను.

ఈ పత్రిక చదువుతున్న మీలో షాపులున్నవారు ఉన్నారు, హాస్టళ్ళు నడిపేవారు ఉన్నారు, ఇంట్లో పనిపిల్ల ఉన్నవారు ఉన్నారు. ఈ వారం మీరు చేయవలసినది ఒక్కటే. మీ దగ్గర పనిచేసే, మీకు టీ తెచ్చే, మీ బట్టలు కుట్టే కుర్రవాణ్ణి గాని అమ్మాయిని గాని ఆపి, "ఎంతవరకు చదివావమ్మా?" అని అడగండి. జవాబు విన్న తరువాత, ఏడు గంటలకు ఆ బిడ్డను వదిలిపెట్టండి. వదిలిపెట్టి ఊరుకోకండి, బడి గుమ్మం దాకా తోడు వెళ్ళండి. అశోక్‌నగర్ హాస్టళ్ళలో చదువుకునే తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ ఒక మనవి. మీకు ప్లేటు అందించే వాడికి వారానికి ఒక్క గంట లెక్కలు చెప్పండి. మీరు రేపు అధికారులవుతారు. ఆ గంట మీకు ఏ కోచింగ్ సెంటరూ నేర్పని పాఠం నేర్పుతుంది.

ఐతుకు అనే పేరుకు గ్రీకులో అదృష్టవంతుడు అని అర్థం. మూడవ అంతస్తు నుండి పడినవాడు అదృష్టవంతుడెలా అయ్యాడు? అతనికోసం ఒకరు మెట్లు దిగి వచ్చారు గనుక. మన వీధుల్లో పడిపోతున్న బిడ్డలకు ఆ అదృష్టం కలుగుతుందా లేదా అన్నది ఇక మన చేతిలో ఉంది.

ప్రార్థిద్దాం. రాత్రివేళ నీ దగ్గరకు వచ్చిన నికొదేమును చులకన చేయక, కూర్చోబెట్టి బోధించిన ప్రభువా, పగలంతా శ్రమించి రాత్రి పలక పట్టే మా బిడ్డల కళ్ళకు మెలకువను ప్రసాదించుము. వారి సాయంత్రాలను కాజేసిన మమ్ము క్షమించుము. వాటిని తిరిగి ఇచ్చే మనసును మాకు దయచేయుము. పడినవారి దగ్గరకు మెట్లు దిగిపోయే వినయాన్ని నీ గురువులకు నేర్పుము. ఆమెన్.